ఫోటోలో లేని భాగమే పుట్టకొక్కుకు అసలు గుర్తు

ముందు ఒక్క మాట. ఇప్పుడు మీ ఫ్రిజ్‌లో ఉన్న పుట్టగొడుగులను వండకండి. కారణం కింద వివరంగా రాస్తాను. సాయంత్రం వంటకు టైమ్ అవుతుందేమోనని ఈ మాట మొదట్లోనే చెబుతున్నాను.

మీరు అడిగింది ఇది. లక్నవరం చెరువు చూసి తిరిగొస్తుంటే, ములుగు ఇంకా రాకముందే, రోడ్డు పక్క టేకు చెట్ల కింద తెల్లటి పుట్టగొడుగులు ఓ పదిహేను దాకా కనిపించాయి. కోసుకొచ్చారు. నడినెత్తిన మొన ఉంది, కాడ చుట్టూ ఉంగరం లాంటిది ఉంది. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్లో తిన్న పుట్టకొక్కులు, అంటే చెదల గూళ్ల మీద మొలిచే తినే పుట్టగొడుగులు, ఇవేనని మీ అమ్మగారు అంటున్నారు. ఫోన్‌లో యాప్ కూడా ఔననే చెప్పింది. తినొచ్చా? ఇకముందు మనమే ఏరుకోవాలంటే ఎలా గుర్తుపట్టాలి?

మీ నాలుగు ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. పైభాగం బాగానే కనిపిస్తోంది. మీ అమ్మగారి మాట నిజమయ్యే అవకాశం కూడా ఉంది. కానీ పదిహేనింటినీ నేల మట్టానికి కత్తితో శుభ్రంగా కోశారు. మట్టి అంటకుండా తెచ్చుకోవాలని అందరూ చేసే పనే అది. పుట్టకొక్కును మిగతావాటి నుంచి విడదీసి చెప్పే భాగం మాత్రం ఆ కోతకు కిందే, నేలలోనే ఉండిపోయింది. అది చూడకుండా తినండని నేను చెప్పలేను. తెలిసినవాళ్లెవరూ చెప్పరు.

నా సంగతి కొంచెం చెప్పాలి. ములుగు పక్క పల్లెలో పుట్టాను, వరంగల్‌లో చదువుకున్నాను, ముప్పై ఏళ్లు కాలేజీ పిల్లలకు బోటనీ చెప్పాను. అయినా పుట్టకొక్కు గురించి నాకు తెలిసిన పనికొచ్చే విషయాల్లో సగం తాడ్వాయి వైపు ఒక కోయగూడెంలో ఓ అవ్వ దగ్గర నేర్చుకున్నవే. మొదటిసారి ఆమె వెంట వెళ్లినప్పుడు ఒక చెట్టు మొదట్లో తెల్లగా కనిపించగానే వంగి పీకబోయాను. చేతి మీద చిన్న దెబ్బ వేసింది. "పీకకు బిడ్డా, తవ్వు. గొడుగు జూసి మోసపోతరు, కాలు జూడాలె" అంది. కొన చెక్కిన వెదురు కర్రతో కాడ చుట్టూ మట్టిని మెల్లగా తోడుతూ పోయింది. నేలపైన బొటనవేలంత లావున్న కాడ కిందికి పోయేకొద్దీ సన్నబడుతూ తోకలా సాగింది. వేరులాగే ఉంది, పీచు మాత్రం లేదు. విరిస్తే లోపలంతా తెలుపే. మూరెడు లోతు దాటాక అది ఒక గూటికి అతుక్కుని ఆగింది. నిమ్మకాయంత గూడు, గోధుమ రంగు, ఎండిన స్పాంజి ముక్కలా బొరియలు బొరియలుగా. దాని మీద గసగసాలు చల్లినట్టు తెల్లటి గింజలు. వెలుతురు తగలగానే చెదలు లోపలికి పరుగులు తీశాయి. అవ్వ నాకు చూపించింది, మట్టి మళ్లీ కప్పింది, పాదంతో ఒత్తింది, పైన ఎండుటాకులు పరిచింది. "ఇల్లు చెడగొడితే మళ్ల రావు."

ఆ గింజల గూడే అసలు కథ. పుట్టకొక్కులు మొలిచే శిలీంధ్రానికి శాస్త్రంలో టెర్మిటోమైసిస్ అని పేరు. 1942లో రోజే ఎయిమ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త పెట్టారు. పేరులోనే చెద ఉంది. మన చేలల్లో, అడవుల్లో పుట్టలు పెట్టే చెదలు ఎండుటాకునూ పుల్లనూ తిన్నా, వాటిలోని గట్టి భాగాన్ని తామే పూర్తిగా అరిగించుకోలేవు. తిన్నది విసర్జించి, దానితో ఆ స్పాంజి గూళ్లు కట్టి, వాటి మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుతాయి. శిలీంధ్రం ఆ పదార్థాన్ని మెత్తబరుస్తుంది, తెల్లటి గింజలు కాస్తుంది, చెదలు వాటిని తింటాయి. మనం వరి పండించినట్టు అవి దీన్ని పండిస్తాయి. ఆఫ్రికాలో మొదలైన ఈ సేద్యం వయసు దాదాపు 3 కోట్ల ఏళ్లని శాస్త్రజ్ఞుల లెక్క. వానలు పడి నేల నానాక ఆ తోటలోంచి ఒక మొగ్గ బయలుదేరి మట్టిని చీల్చుకుంటూ పైకొస్తుంది. అంత మట్టిని చీల్చడానికే దాని నెత్తిన గట్టి మొన. అంత లోతు నుంచి రావాలి కాబట్టే ఆ పొడుగాటి తోక. ఈ రెండూ ఒకే పనికి పుట్టినవి. అందుకే మొన ఒక్కటే చూస్తే సగం సాక్ష్యమే చూసినట్టు. మొన లాంటి బొడిపె వేరే పుట్టగొడుగులకూ ఉంటుంది. చెదల తోట దాకా దిగే తోక మాత్రం విషపు పుట్టగొడుగుకు ఉండదు.

పైకి పుట్ట కనపడకపోయినా కంగారుపడొద్దు. ఈ చెదల్లో చాలా రకాలు నేల లోపలే గూళ్లు పెడతాయి. చదునైన నేలమీద, చేను గట్టున, చింతచెట్టు మొదట్లో కూడా పుట్టకొక్కులు లేస్తాయి. మరోవైపు, పుట్ట మీద మొలిచిందల్లా పుట్టకొక్కు కాదు. చెదలు వదిలేసిన పాడుబడ్డ పుట్టల మీద నల్లటి వేళ్లలాంటివి లేస్తాయి. ఎండ ప్రాంతాల పుట్టల మీద మూసిన గొడుగులా పొడుగ్గా, పైన పొలుసులతో మరొకటి వస్తుంది, ముదిరాక లోపల నల్లటి పొడి అయిపోతుంది. చోటు చూసి నిర్ణయించేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

మన వైపు కనిపించే పుట్టకొక్కుల్లో మూడు రూపాలు గుర్తుంచుకుంటే చాలు. పెద్దది అరచేయంత విప్పారుతుంది. తెలుపు, నడుమ మొన దగ్గర బూడిద లేక గోధుమ ఛాయ, కండ గట్టిగా ఉంటుంది, కాడకు ఉంగరం ఉంటుంది. రెండోది కొంచెం చిన్నది, పైన బూడిద గోధుమ రంగు, మొన సూదిగా ఉంటుంది, ఉంగరం ఉండదు. ఈ రెండింటికీ తోక ఉంటుంది. మూడోది చిట్టివి. అర్ధరూపాయి బిళ్లంత గొడుగులు, వందల కొద్దీ ఒకేచోట, ముగ్గు చల్లినట్టు లేస్తాయి. చెదలు గూటి ముక్కలను పైకి తెచ్చి పడేసినప్పుడు వాటి మీద మొలుస్తాయి కాబట్టి వీటికి లోతైన తోక ఉండదు. రుచిలో ఇవే మేలని మా ఇంట్లో వాదిస్తారు. అయినా మొదటి రెండు మూడేళ్లు మీరు వీటి జోలికి వెళ్లొద్దనే అంటాను. ఆ సైజు తెల్లటి, గోధుమ రంగు పుట్టగొడుగుల్లో కాలేయాన్ని తినేసే విషం ఉన్నవి కొన్ని ఉన్నాయి. తోక అనే గట్టి గుర్తు లేనిచోట కొత్తవాళ్లు పందెం కాయకూడదు. పెద్దదాన్ని ఒక్కదాన్నే నేర్చుకోండి. వంద విషపు రకాలను గుర్తుపట్టడం కంటే, తినే రకం ఒక్కదాన్ని ఏ అనుమానం లేకుండా గుర్తుపట్టడం తేలిక. అవ్వకు విషపు పుట్టగొడుగుల పేర్లేమీ తెలియవు. అన్నిటినీ కలిపి కుక్కగొడుగులు అనేది. ఆమెకు తెలిసినవి నాలుగైదు, ఆ నాలుగైదింటిలో ఒక్కనాడూ పొరపాటు పడలేదు.

తోక చూశాక మిగతావన్నీ వరసగా సరిపోవాలి. గొడుగు తిప్పి చూస్తే కింద పల్చటి రేకులు చేప మొప్పల్లా ఒత్తుగా ఉంటాయి. అవి కాడను అంటకుండా కొంచెం ఎడంగా ఆగిపోవాలి. లేతగా ఉన్నప్పుడు తెల్లగా, ముదిరేకొద్దీ లేత గులాబీ ఛాయకు తిరగాలి. కాడ అడుగున సంచి లాంటిది, గుడ్డు పెంకు చీలినట్టు ఉండే తొడుగు లాంటిది ఏదీ ఉండకూడదు. ఈ సంచి సంగతి ప్రాణాలతో ముడిపడినది. అమానిటా అనే జాతిలో కొన్ని తెల్లగా, అందంగా, ఉంగరంతో, అచ్చం తినేవాటిలా ఉంటాయి. వాటి సంచి మట్టిలో ఉంటుంది. నేల మట్టానికి కోస్తే సంచి మట్టిలోనే ఉండిపోతుంది, విషం ఇంటికొస్తుంది. మీ పదిహేనింటి విషయంలో నా టెన్షన్ అంతా ఇదే.

గడ్డివాముల దగ్గర, తడిసిన వరిగడ్డి మీద మొలిచే పుట్టగొడుగుకు కూడా అడుగున సంచి ఉంటుంది, కానీ అది తినేదే. దాన్ని తిని పెరిగినవాళ్లు అడవిలో సంచి ఉన్న తెల్లదాన్ని చూసి 'ఇది మనదే' అనుకునే ప్రమాదం ఉంది. అందుకని నా పద్ధతి ఒకటే. అడవిలో సంచి కనపడితే ఏ జాతైనా సరే అక్కడే వదిలేస్తాను.

ఇక రంగు పరీక్ష. నా జీవితంలో చేసిన పెద్ద తప్పు వల్ల దీని విలువ తెలిసింది కాబట్టి అది కూడా చెబుతాను. డిగ్రీ చదివే రోజుల్లో సెలవులకు ఇంటికి వచ్చాను. రెండు రోజులు ముసురు పట్టి వదిలింది. మా పెంటకుప్ప అవతల గడ్డిలో పెద్ద పెద్ద తెల్లటి గొడుగులు, నడుమ కొంచెం గోధుమ పొలుసులు, కాడకు ఉంగరం, కింద రేకులు తెల్లగా. నాకు పుస్తకం వచ్చని ధీమా. కోసుకొచ్చి అమ్మకు ఇచ్చాను. నా మాట నమ్మి వండింది. రెండు గంటలు గడవకముందే నాకు, తమ్ముడికి, అమ్మకు వరసగా వాంతులు, విరేచనాలు. తమ్ముడికి అప్పుడు తొమ్మిదేళ్లు. తెల్లారేసరికి కళ్లు లోపలికి పోయి, పిలిస్తే పలకలేకపోయాడు. ఎడ్లబండిలో రోడ్డు దాకా వెళ్లి, అక్కడి నుంచి బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్లాం. సెలైన్లు ఎక్కించాక తేరుకున్నాడు. నాలుగు రోజులకు ఇంటికి వచ్చి చూస్తే, వండగా మిగిలిన రెండు గొడుగులు అరుగు మీద తెల్లటి తువ్వాలు మీదే కుళ్లిపోయి ఉన్నాయి. పక్కకు నెడితే వాటి కింద తువ్వాలు మీద పచ్చటి పొడి. పాచి రంగు, రేకుల గీతలు కూడా అచ్చు పడ్డాయి. ఒక్క రాత్రి ఆగి ఆ పొడి చూసి ఉంటే అమ్మ పొయ్యి మీద అది ఎక్కేదే కాదు.

ఆ పచ్చపొడి పుట్టగొడుగు పేరు క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్. పచ్చిక మైదానాల్లో, పెరళ్లలో, కాలేజీ గ్రౌండ్లలో వానలకు ఇది విరివిగా లేస్తుంది. లేతగా ఉన్నప్పుడు రేకులు తెల్లగానే ఉంటాయి కాబట్టి కంటితో చూస్తే మోసపోతాం. పెద్దలను చంపడం అరుదు, కానీ ఒంట్లో నీళ్లన్నీ లాగేస్తుంది, పిల్లలకు చాలా ప్రమాదం.

పరీక్ష ఎలా చేయాలంటే, విప్పారిన గొడుగును కాడ నుంచి వేరుచేసి, రేకులు కిందికి ఉండేలా సగం తెలుపు సగం నలుపు ఉన్న కాగితం మీద బోర్లించండి. గాలి తగలకుండా పైన గిన్నె మూయండి. రాత్రి పెడితే తెల్లారికి అచ్చు పడుతుంది. తెల్లటి పొడి నలుపు మీద కనిపిస్తుంది, రంగు పొడి తెలుపు మీద కనిపిస్తుంది, అందుకే రెండు రంగుల కాగితం. పుట్టకొక్కు అచ్చు లేత గులాబీ కలిసిన మీగడ రంగులో ఉంటుంది. పచ్చగా పడితే పైన చెప్పిన విషపుది. అచ్చమైన తెలుపు పడితే అమానిటా కావచ్చు. గులాబీ పడినంత మాత్రాన పాస్ అయిపోయినట్టు కాదు. ఎంటొలోమా అనే విషజాతికీ గులాబీ అచ్చే పడుతుంది. రంగు పరీక్షతో వద్దని తేల్చవచ్చు, తినొచ్చని మాత్రం తేల్చలేం. తోక, రేకులు, సంచి లేకపోవడం, అచ్చు, ఈ నాలుగూ ఒకే మాట చెప్పాలి. ఒక్కటి తేడా వచ్చినా పారేయాలి.

మీ అమ్మగారు చెప్పిన వెండి చెంచా పరీక్షను దయచేసి నమ్మొద్దు. కూరలో వెండి వేస్తే నల్లబడటానికి గంధకం కారణం, ఈ విషాలతో దానికి సంబంధం లేదు. ఎల్లిగడ్డ వేస్తే రంగు మారుతుందని, చింతపండు పులుసులో విషం విరిగిపోతుందని, పురుగు పట్టింది కాబట్టి మనమూ తినొచ్చని, గొడుగు మీద పొర ఊడొస్తే మంచిదని, ఇలా ఊరికో మాట విన్నాను. ఏదీ నిజం కాదు. నత్తలు, పురుగులు అమానిటాను హాయిగా తింటాయి. కాలేయం మీద పనిచేసే ఆ విషం ఉడికించినా పోదు, ఎండబెట్టినా పోదు.

పెద్దవాళ్ల జ్ఞాపకాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. మీ అమ్మగారికి రుచి గుర్తుంది, రూపం గుర్తుంది. కానీ తవ్వి తెచ్చింది ఆమె కాదు కదా, వాళ్ల అమ్మగారో ఇంటి పనులకు వచ్చే అవ్వో తెచ్చి ఉంటారు. ఆమెకు కనిపించింది తట్టలో కడిగి పెట్టినవి. పుట్టగొడుగులు ఏరుకుని తినడం అలవాటున్న కుటుంబాల్లోనే ఘోరాలు జరిగాయి. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. ఎక్కువమంది టీ తోటల కూలీల ఇళ్లవాళ్లు. యాప్ సంగతి చెప్పనక్కర్లేదు, అది చూసేది పైనుంచి తీసిన బొమ్మనే. మట్టిలో ఏముందో దానికి తెలియదు.

ఎప్పుడు వెళ్లాలి అని కూడా అడిగారు. మిరుగం వానలకు ఉసిళ్లు లేస్తాయి కదా, అవి చెద పురుగుల్లో రెక్కలున్నవే. ఎక్కడ గుంపుగా లేచాయో నేను గుర్తుపెట్టుకుంటాను, అక్కడ కింద బతికున్న గూడు ఉందని అర్థం. ఆ తర్వాత నేల బాగా నాని, రెండు మూడు రోజులు ఉక్కపోసి, మళ్లీ జల్లు పడితే వెతకడం మొదలుపెట్టొచ్చు. మన వైపు ఆరుద్ర నుంచి పుష్యమి దాకా, అంటే జూన్ చివర నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మంచి సమయం. వానలు సాగితే తర్వాత కూడా వస్తాయి. ఉరిమితే మొలుస్తాయని అందరూ అంటారు. ఉరిమిన రోజున వాన పడుతుంది కాబట్టి ఆ లెక్క చాలాసార్లు కుదురుతుంది. పొద్దున్నే వెళ్లాలి. మొగ్గ విచ్చీ విచ్చనట్టు ఉన్నప్పుడే రుచి. మధ్యాహ్నానికి విప్పారి, మర్నాటికి పురుగు పడుతుంది.

చోటు విషయంలో జాగ్రత్త. ఏటూరునాగారం, పాకాల వన్యప్రాణి అభయారణ్యాలు. 1972 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లి ఏదీ తీసుకురాకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం అక్కడి ఆదివాసులకు ఇచ్చిన హక్కులు వేరు, కారేసుకుని హనుమకొండ నుంచి వెళ్లిన మనకు అవి వర్తించవు. ఊరి పొలం గట్లు, తెలిసినవాళ్ల మామిడి తోటలు మీకు చాలు. పత్తి చేల పక్కన మాత్రం వద్దు. మన జిల్లాల్లో పత్తికి ఎన్నిసార్లు మందు కొడతారో మీకు తెలుసు. చెదల మందు పోసిన తోటల్లోనూ వద్దు. పుట్టగొడుగులు నేలలోని లోహాలను లాక్కుంటాయి, కాబట్టి బొగ్గు గనుల మట్టికుప్పల దగ్గర, వాహనాలు ఎక్కువగా తిరిగే రోడ్డు అంచున కోయకండి. మీవి రోడ్డు పక్కవే కావడం నాకు నచ్చని ఇంకో విషయం.

పుట్ట దగ్గర కూర్చునే ముందు కర్రతో నేల తట్టండి. బొరియలో చేయి పెట్టొద్దు, నాగుపాము ఉండే చోటది. నాగులపంచమికి పాలు పోసే పుట్టను తవ్వొద్దు. ఊరివాళ్ల మనసు నొచ్చుకుంటుంది, అలాంటి చోట తవ్వి తెచ్చిన కూర మనకూ సయించదు. ఒక చోట పది లేస్తే ఒక్కదాన్నే పూర్తిగా తవ్వి చూడండి. అదీ గూడు దాకా చేరగానే ఆపి మట్టి కప్పేయండి. మిగతావాటిని ఒక్కొక్కటీ ఆ ఒక్కదానితో పోల్చుకుంటూ, మొదట్లో నాలుగు వేళ్ల లోతు మట్టి తీసి, కాడ సన్నబడుతూ కిందికి పోతోందా, సంచి ఏమైనా ఉందా అని చూశాకే కోయండి. పక్కపక్కనే రెండు జాతులు మొలవడం నేను చాలాసార్లు చూశాను. బుట్టలో టేకు ఆకు పరిచి తెచ్చుకోవాలి, ప్లాస్టిక్ కవర్లో ఉక్కిపోయి గంటల్లో పాడవుతాయి. అనుమానం ఉన్నదాన్ని అదే బుట్టలో వేయకూడదు.

వంట సంగతి క్లుప్తంగా చెబుతాను. తెచ్చిన రోజే వండాలి. మట్టి ఉన్న అడుగు కోసేసి, నీళ్లలో నానబెట్టకుండా రెండుసార్లు కడిగి, వేళ్లతో నిలువుగా చీల్చండి. మూకుట్లో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేగాక, అల్లం ఎల్లిగడ్డ ముద్ద వేసి, పుట్టకొక్కులు వేసి ఉప్పు చల్లితే అవే నీళ్లు వదులుతాయి. ఆ నీళ్లు ఇగిరేదాకా మూత లేకుండా ఉడకనివ్వండి, సగం ఉడికినవి తినొద్దు. ధనియాల పొడి చాలు, మసాలా ఎక్కువైతే ఆ మట్టి వాసన, ఆ కోడికూర లాంటి నమలుడు రెండూ పోతాయి. జొన్న రొట్టెతో తినండి. మొదటిసారి ఎవరైనా రెండు ముద్దలకు మించి తినొద్దు, పిల్లలకు, గర్భిణులకు పెట్టొద్దు, ఆ పూట కల్లు గానీ మందు గానీ వద్దు. రెండు ముద్దలు అన్నది కొందరికి మంచి పుట్టకొక్కు కూడా పడకపోవచ్చని. గుర్తుపట్టడంలో అనుమానం ఉంటే 'కొంచెం తిని చూద్దాం' అనే పద్ధతే లేదు. ప్రాణం తీసే రకానికి ఒక్క గొడుగు చాలు. పచ్చిది ఒకటి కాగితంలో చుట్టి, మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. ఏదైనా తేడా వస్తే డాక్టర్లకు చూపించడానికి అదే ఆధారం.

తేడా వస్తే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. తిన్న రెండు మూడు గంటల్లో వాంతులు మొదలైతే అది సాధారణంగా కడుపును పీడించే విషం. తిన్నాక ఆరు గంటలు, పన్నెండు గంటలు, ఇంకా ఆలస్యంగా మొదలైతే అది మరీ భయపడాల్సిన సంగతి. ఆ విషం మొదట వాంతులు, నీళ్ల విరేచనాలు తెస్తుంది, ఒక రోజు తర్వాత అన్నీ ఆగిపోతాయి, మనిషి లేచి కూర్చుంటాడు. నయమైపోయిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. లోపల కాలేయం చెడిపోతూనే ఉంటుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో కళ్లు పచ్చబడి, మాట తడబడేసరికి చేయి దాటిపోతుంది. కాబట్టి తగ్గిందని ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరలో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి. వరంగల్ వాళ్లకైతే ఎంజీఎం ఉంది. తిన్నవాళ్లంతా వెళ్లాలి, బాగున్నవాళ్లు కూడా. ఎన్ని గంటలకు తిన్నారు, ఎన్ని గంటలకు మొదలైంది, ఈ రెండు టైమ్‌లు రాసుకెళ్లండి. ఫ్రిజ్‌లోని పచ్చిది, మిగిలిన కూర పట్టుకెళ్లండి. ఉప్పునీళ్లు తాగించడం, చింతపండు పిసికి పోయడం, మంత్రం వేయించడం, వీటితో గడిచే ప్రతి గంటా నష్టమే. ఇది అనుభవించిన ఇంటి మనిషిగా చెబుతున్నాను.

ఇక మీ ఫ్రిజ్‌లోవి. కుక్కకు, కోళ్లకు కూడా పెట్టకుండా గుంత తీసి పూడ్చేయండి. పూడ్చే ముందు ఒక్క గొడుగును మాత్రం ఈ రాత్రికి కాగితం మీద బోర్లించి చూడండి, చేయి తిరుగుతుంది. పొద్దున ఏ రంగు పడిందో రాయండి. తినడానికి కాదు, నేర్చుకోవడానికి. ఫ్రిజ్‌లో పెట్టినవి సరిగా పొడి రాల్చకపోవచ్చు, ఏమీ పడకపోతే నిరాశపడొద్దు.

మీరు కోసిన చోటు గుర్తుందిగా. అవి పుట్టకొక్కులే అయితే కింద తోక మిగిలి ఉంటుంది. వచ్చే ఆదివారం చిన్న కర్ర పట్టుకుని మీ అమ్మగారితో కలిసి మళ్లీ వెళ్లండి. కోసిన మొదలు కుళ్లిపోకపోతే పక్కనుంచి తవ్వుతూ వెళ్లండి. గూడు దాకా చేరితే, తినేసి ఉండొచ్చు కదా అని బాధపడకండి. రోడ్డు అంచున ఉంది కాబట్టి అది కూరకు కాదు, మీకు చదువు చెప్పే చోటు. చెదలు ఉన్నంతకాలం ఏటా దాదాపు అదే తావులో లేస్తాయి. అవ్వ నాకు చూపించిన మద్దిచెట్టు మొదట్లో నిరుడు కూడా ఏడు లేచాయి. మూడు తెచ్చుకున్నాను.